నురగ పోయేదాకా కడిగిన గింజలు

మొన్న మంగళవారం నా మనవరాలు సంగారెడ్డి నుంచి వచ్చి, డిపో దగ్గర ఆటో ఎక్కి ఇంటికి చేరి, కాళ్లు కడుక్కున్నదో లేదో నా ముందు కూర్చుని, నన్ను అడగకుండానే చీర అంచు పిక్కల దాకా ఎత్తి చూసి, ఇంత ఉబ్బేదాకా చెప్పకుండా ఎట్లా ఊరుకున్నావని నాలుగు చీవాట్లు పెట్టి, సంచీలోంచి ఒక మాత్రల అట్ట తీసింది. మందుల చదువు చదివిన పిల్ల కనుక అట్ట మీద రాసిందంతా చదివి వినిపించడం దానికి సరదా. నరాలకు మంచిదనీ, వాపు తీస్తుందనీ, చలి దేశాలలో పెరిగే ఒక చెట్టు గింజల సారమనీ, ఆ చెట్టును ఇంగ్లీషులో గుర్రం పేరు చేర్చి హార్స్ చెస్ట్‌నట్ అంటారనీ చెప్పుకుపోతున్నది. ఆ గింజలను నేను నా చేతులతో రోట్లో దంచాననీ, అప్పటికి దాని తల్లి కూడా పుట్టలేదనీ అంటే నవ్వింది. ముసలితనంలో అదీ ఇదీ కలిపి మాట్లాడుతున్నాననుకుని ఉంటుంది. నా ఈడువాళ్లయినా నమ్ముతారనే ఆశతో ఇది రాస్తున్నాను.

నేను చెప్పేది నిజాం రోజుల నాటి నారాయణఖేడ్ సంగతి. దూరదేశాలలో ఏదో పెద్ద యుద్ధం జరుగుతున్నదని, అందుకే కిరసనాయిలు దొరకడం లేదని పెద్దలు చెప్పుకునేవారు. మాది పుట్నాల బట్టీ. మా తాత బీదరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడట, అందుకే మా ఇంట్లో సగం మాటలు కన్నడంలోనే దొర్లేవి. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అప్పటినుంచి బట్టీ ముందు నిలబడింది మా అవ్వే, అంటే నా కన్నతల్లి. శనగలు నానబెట్టడం, నీళ్లు వంపడం, ఎండకు ఆరబోయడం, కాలిన ఇసుకలో వేసి కదిలించడం, పొట్టు తీయడం, వీటిలో ఆమె చేయి పడని పని లేదు. కూర్చుని వేయించడం ఎవరికీ కుదరదు, ఇసుక చేతికి అందదు. పొద్దున పొయ్యి వెలిగించిన దగ్గరనుంచి ఎండ వాలేదాకా ఆ సెగలో ఆమె అట్లా నిలబడే ఉండేది.

నిలబడి నిలబడి ఆమె ఎడమకాలి నరాలు తాళ్లలాగా పైకి తేలాయి. సాయంత్రానికి పాదం ఉబ్బిపోయి వెండి కడియం ఎక్కేది కాదు. చీలమండ పక్కన ఒక పుండు లేచి, ఏ ఆకు కట్టినా మానకుండా ఏడాది పాటు రసి కారింది. దవాఖాన డాక్టరు మంచివాడే, పట్టీ బిగించి కట్టి, కాలు ఎత్తుమీద పెట్టుకుని పడుకోమన్నాడు. అవ్వ బయటికి వచ్చి పకపకా నవ్వింది. "నేను పండుకుంటే గా బట్టీ కాడ ఎవరు నిలవడ్తరు, గా డాక్టర్ నిలవడ్తడా?" అని అరుగు మీద ఉన్నవాళ్లందరికీ వినబడేలా అన్నది. పుండు ఎముకదాకా పోతే కాలు తీసేయవలసి వస్తుందని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. అది ఆమెకు చెప్పలేదు, నేనే మోశాను. అప్పటికి నాకు పదహారేళ్లు.

మా అన్న పట్నంలో ఒక రసాయన ప్రయోగశాలలో సీసాలు కడిగే పనికి కుదిరి, చురుకైనవాడు కనుక రెండేళ్లలోనే అక్కడి ప్రొఫెసరుకు కుడిచేయి అయ్యాడు. యుద్ధం వల్ల జర్మనీ మందులు రావడం ఆగిపోయిందట. కాళ్ల నరాల వాపుకు అక్కడివాళ్లు వాడే గింజకు చుట్టమయిన గింజ మన హిమాలయాల కొండల్లో కూడా కాస్తుందని తెలిసి, ఆ ప్రొఫెసరు ఒక బస్తా తెప్పించి, అందులో పనిచేసే పదార్థమేదో తీయాలని పట్టుబట్టి కూర్చున్నాడు. అన్నకు ఇంట్లో అవ్వ కాలు కళ్లముందు మెదిలింది. ప్రొఫెసరు కాళ్లావేళ్లా పడి, తయారైన మందు ఒక సీసా, గింజలు ఒక చిన్న సంచీ, స్పిరిటు ఒక పెద్ద సీసా పట్టుకుని రెండురోజుల సెలవు మీద ఇంటికి వచ్చాడు. గింజలు దూడ కన్నులాగా నిగనిగలాడుతూ ఉండేవి, ఒక పక్కన తెల్లటి మచ్చ. ఊరికే నోట్లో వేసుకుంటే విషమనీ, చుక్కల లెక్కన నీళ్లలో తాగాలనీ చెప్పాడు. చెబుతూ చెబుతూ, కొండల్లో బీదవాళ్లు కరువు వచ్చినప్పుడు ఈ గింజలనే నీళ్లు మార్చి మార్చి నానబెట్టి, చేదంతా పోయాక పిండి చేసి రొట్టెలు కాల్చుకుంటారని ఒక వింతగా చెప్పి నవ్వాడు. ఆ మాట అతను చెప్పకుండా ఉంటే ఎంత బాగుండేదని ఇన్నేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను.

మందు పనిచేస్తున్నదో లేదో ప్రొఫెసరుకు రుజువు కావాలి. అన్న దానికొక ఉపాయం చేశాడు. ప్రతి సోమవారం పొద్దున, బట్టీ వెలిగించకముందు, అవ్వ చీలమండకు బొటనవేలంత పైన నూలుదారం చుట్టి, సరిగ్గా కలిసిన చోట కత్తిరించి, ఆ దారాన్ని కాగితంలో మడిచి తనకు పంపమన్నాడు. "నోటితోని చెప్తే మర్చిపోతరు చెల్లె, దారమైతే మర్వది. ఉన్నదున్నట్టు కొలువు, గంతే," అని నా చేతికి దారపు ఉండ ఇచ్చి వెళ్లిపోయాడు. ఇంటి పనులు తప్ప ఎరగని నాకు ఒక పెద్ద చదువుల పనిలో పాలు దొరికిందని ఎంత పొంగిపోయానో చెప్పలేను.

మందు అచ్చంగా విషంలాగే చేదు. సీసా కదిలిస్తే కుంకుడు రసంలాగా నురగ వచ్చేది. తాగిన ప్రతిసారీ అవ్వ ముఖం ముడుచుకుపోయి, కడుపులో మంట అని అరగంట సేపు మూలుగుతూ కూర్చునేది. చాలు అనే మాటను ఆమె ఎప్పుడూ కన్నడంలోనే అనేది. "సాకు బిడ్డా, సాకు. గీ చేదు తాగుడుకన్న గా పుండే నయం," అని సీసా తోసేసేది. నేను బతిమాలీ, తిట్టీ, ఒకసారి ఏడ్చీ తాగించాను. రెండో సోమవారం దారం మొదటిదానికన్నా పొట్టిదయింది. మూడోది ఇంకా పొట్టిదయింది. పుండు అంచులు ఎండి లేత తోలు వచ్చింది. కడియం మళ్లీ కాలికి ఎక్కిన రోజున అవ్వ బజారు దాకా నడిచి వెళ్లి, అవసరం లేకపోయినా ఉప్పు కొనుక్కుని వచ్చింది. ఆ దారాలు చూసి ప్రొఫెసరు ఎగిరి గంతేశాడని అన్న ఉత్తరం రాశాడు.

సీసా అయిపోయింది. అన్నకు సెలవు దొరకలేదు. గింజలు దంచి, స్పిరిటులో పది రోజులు ఊరవేసి, గుడ్డతో వడకట్టి నువ్వే చేయి, నీకు చేతనవుతుంది అని ఉత్తరంలో రాశాడు. ఇక్కడ నా అతితెలివి మొదలయింది. అవ్వ ఆ చేదుకు పడే బాధ చూడలేకపోతున్నాను. మా ఇంట్లో ఏది వండినా, ఏది వేయించినా మొదటి నీళ్లు పారబోయడం అలవాటు. నానిన శనగల నీళ్లు పారబోస్తాం, కాకరకాయకు ఉప్పు రాసి చేదు పిండేస్తాం. కుంకుడు నురగ కంట్లో పడితే ఎంత మంటో ఆడవాళ్లందరికీ తెలుసు, అది నోట్లోకి పోకుండా పిల్లల మూతులు మూసి మరీ తలంటుతాం. కొండల్లో వాళ్లు కడిగి తింటున్నారని అన్నే చెప్పాడు కదా, మరి విషమంతా ఆ నురగలోనే ఉండాలి కదా అని లెక్క కట్టుకున్నాను. గింజలు దంచి, గుడ్డలో మూటకట్టి, కాగులో నానవేసి, పొద్దునా సాయంత్రమూ నీళ్లు మార్చాను. మొదటి రోజు నీళ్ల మీద జానెడు నురగ లేచింది. మర్నాడు కాస్త తగ్గింది. ఏడో రోజుకు నీళ్లు తేటగా నిలిచాయి, పొడి నాలుక మీద పెట్టుకుంటే ఏ రుచీ లేదు. ఎండబెట్టి, స్పిరిటులో ఊరవేసి, వడకట్టి, బెల్లపు నీళ్లలో కలిపి అవ్వకు ఇచ్చాను. ఆమె ఒక్క గుక్కలో తాగి నా తలమీద చేయి వేసింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ తరువాతి సోమవారం దారం పొడుగయింది. కత్తిరించిన దారాన్ని పాతదాని పక్కన పెట్టి చూసుకుని, చేయి వణికిందేమో అనుకున్నాను. మళ్లీ చుట్టాను, ఈసారి కొంచెం బిగించి. మీకు నిజం చెబుతున్నాను, చేయి వణకలేదని నాకు తెలుసు. ఏదో రెండు రోజుల్లో తగ్గకపోతుందా, అన్నను అనవసరంగా పరేషాన్ చేయడమెందుకు, నేను చేసిన మందు పనిచేయలేదని ఎట్లా రాయను అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మరుసటి సోమవారం ఇంకా గట్టిగా బిగించవలసి వచ్చింది. "ఏందే, గంత గట్టిగ గుంజుతున్నవ్?" అని అవ్వ కాలు వెనక్కి లాక్కుంది. ఉబ్బిన కండలో దారం దిగిన గాడి మధ్యాహ్నం దాకా అట్లాగే ఉంది. ఆ గాడి పోతుందా అని నేను పొట్టు చెరుగుతూ ఆ కాలికేసే చూస్తూ కూర్చున్నాను. నాలుగు సోమవారాలు నాలుగు అబద్ధపు దారాలు పంపాను. గింజలు కడిగితే చేదు పోయింది, మందు మాత్రం బాగా పనిచేస్తున్నదని ఉత్తరం కూడా రాశాను.

అన్న ఆ ఉత్తరాన్ని, దారాలను ప్రొఫెసరుకు చూపించాడు. కడుపులో మంట పెట్టని మందు దొరికిందని ఆయన సంబరపడి, మిగిలిన బస్తా అంతా నేను చేసినట్టే కడిగించి మందు చేయించి, తనకు తెలిసిన రోగులకు ఇప్పించాడట. ఒక్కరికీ వాపు తగ్గలేదు. గింజలేమో అయిపోయాయి, మళ్లీ తెప్పించే దారి లేదు. మా అన్న దారాలు ఇంట్లో కూర్చుని కత్తిరించి తెచ్చాడని, అబద్ధాలకోరని ప్రొఫెసరు నలుగురిలో తిట్టి పనిలోంచి తీసేశాడు. నా చెల్లె అబద్ధం ఆడదు, ఎక్కడో ఏదో పొరపాటు జరిగి ఉంటుందని మాత్రం అన్న చెప్పాడట. ఈ సంగతి అతను చెప్పగా తెలిసింది కాదు, చాలా ఏళ్ల తరువాత అతనితో పనిచేసిన ఒకాయన మా ఇంటికి వచ్చి చెప్పాడు.

అన్న పెట్టె నెత్తిన పెట్టుకుని ఇల్లు చేరింది ఒక మధ్యాహ్నం. చెప్పులు కూడా విడవకుండా గూట్లో ఉన్న సీసా తీసి ఊపాడు. నురగ రాలేదు. మళ్లీ ఊపాడు. తరువాత బట్టీ దగ్గర నిలబడిన అవ్వ కాలు చూశాడు, దారపు ఉండ తీసి తానే కొలిచాడు, నేను పంపిన చివరి దారాన్ని జేబులోంచి తీసి పక్కన పెట్టాడు. రెండింటి మధ్య నాలుగు వేళ్ల తేడా ఉంది. నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. "గా నురగే మందు చెల్లె," అన్నాడు. అంతకుమించి ఆనాడూ అనలేదు, బతికినన్నాళ్లూ అనలేదు. తిట్టి ఉంటే, ఒక దెబ్బ వేసి ఉంటే, నేను ఏడ్చి తేలికపడేదాన్ని. ఆ అవకాశం అతను నాకు ఇవ్వలేదు.

పుండు నల్లబడింది. బండి కట్టుకుని పట్నం పెద్ద దవాఖానకు తీసుకుపోయేసరికి కాలు మోకాలి దాకా తీయక తప్పదన్నారు. అవ్వ ఆ తరువాత అయిదేళ్లు బతికింది. బట్టీ పక్కన గోనెసంచి మీద కూర్చుని పొట్టు చెరిగేది. వచ్చిపోయే ఆడవాళ్లందరితో, చెడ్డ రోగమొచ్చి కాలు పోయింది గానీ తన బిడ్డ చేసిన మందు మాత్రం బెల్లంలాగా ఉండేదని, పట్నం మందులాగా చేదు ఉండేది కాదని నా గురించి గొప్పగా చెప్పుకునేది. అన్న ఆ మాటలు వింటూ ఇసుక కదిలించేవాడు. అవును, అవ్వ స్థానంలో అతనే నిలబడ్డాడు. నలభై ఏళ్లు నిలబడ్డాడు. చివరి రోజుల్లో అతని పిక్కల మీద కూడా అవే నరాలు తేలితే, కాళ్లు పట్టి నూనె రాస్తానన్నాను. వద్దన్నాడు.

ఇప్పుడు మా బట్టీ ఉన్న చోట సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు వెలిసింది. పుట్నాలు ప్లాస్టిక్ సంచుల్లో ఎక్కడినుంచో వస్తున్నాయి, వాటికోసం నిలబడి కాళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉంటారని ఎవరికీ తట్టదు. మా అన్న ఒక బస్తా గింజల కోసం పడిన పాట్లు, మా అవ్వ ముఖం ముడుచుకుని తాగిన గుక్కలు ఇవాళ పది మాత్రల అట్టలో మెరుస్తూ పడి ఉన్నాయి. ఆ సారాన్ని నురగతో సహా పట్టి, పైన చక్కెర పూత పూసి, చేదు నాలుకకు తగలకుండా చేశారట. నేను ఏడు రోజులు కష్టపడి చేయబోయిన పని ఇదే కదా.

నీళ్లతో మింగు అమ్మమ్మా అని పిల్ల గ్లాసు అందించింది. నేను మాత్రను మింగకుండా నాలుక మీద పెట్టుకుని చప్పరించాను. కాసేపు తీపి. పూత కరిగిపోయింది. ఆ తరువాత వచ్చింది ఆ చేదు. ఏడో రోజున కాగులో నీళ్లు తేటపడ్డాక మా ఇంట్లో మళ్లీ కనబడని చేదు, డెబ్బై ఏళ్ల తరువాత అట్లాగే, ఏమీ తగ్గకుండా వచ్చింది. అయ్యో కొరికావా, ఉమ్మెయ్ ఉమ్మెయ్ అని పిల్ల గాబరా పడి నా మూతి దగ్గర చేయి పట్టింది. మా అవ్వ కాలు నిలబెట్టవలసిన చేదు అది. నేను ఉమ్మలేదు, నీళ్లూ తాగలేదు.