ఆదివారాల పడవ

మొన్న మా ఆడపడుచు కొడుకు అరకు వెళ్ళడానికి అద్దెకు తెచ్చిన కారవాన్ మా అపార్ట్‌మెంట్ గేటు ముందు ఆగితే, పిల్లలంతా నన్ను చెయ్యి పట్టుకుని లోపలికెక్కించి చూపించారు. మడత మంచాలు, బుల్లి వంటగట్టు, కిటికీలకు పూల కర్టెన్లు. బాగుందర్రా అన్నాను గానీ, నిజం చెప్పొద్దూ, లోపలి వార్నిష్ వాసన తగిలిన క్షణం నుంచీ నా మనసు అక్కడ లేదు. ఆత్రేయపురం అవతల కాలువ గట్టు మీద, జమ్ములో ఒరిగి పడున్న ఒక పాత పడవ దగ్గరికి పోయి కూర్చుంది.

పడవంటే సరుకులు మోసే పడవ కాదు. పైన కప్పు, లోపల రెండు చిన్న గదులు, వెనకవైపు వంటకింత చోటు ఉన్న పడవ. రోడ్లు సరిగా లేని కాలంలో కలిగినవాళ్ళు పెళ్ళిళ్ళకూ పుణ్యక్షేత్రాలకూ అందులోనే వెళ్ళేవారట. అది మావారితో బ్యాంకులో పనిచేసే ఒకాయన తాతగారిది. పొయ్యిలోకి పోయేలోగా కావలిస్తే మీరు తీసుకోండని ఆయన మాటవరసకు అంటే, మావారు దాన్ని వరం దొరికినట్టే పట్టుకున్నారు.

ఎందుకంటే మా మామగారు ఆ కాలువ మీదే లాకుల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. వచ్చిన పడవను లోపలికి తీసుకుని, తలుపులు మూసి, నీళ్ళు నింపి, పై కాలువలోకి పంపడం, మళ్ళీ వచ్చినదాన్ని కిందికి దింపడం, ఆయన ఉద్యోగమంతా ఇదే. ఎన్ని పడవలను దాటించారో గానీ తాను మాత్రం ఏనాడూ పడవలో కూర్చుని లాకు దాటలేదు. ఆ ముచ్చట ఎప్పుడో నవ్వుతూ చెప్పారు, మావారు మరిచిపోలేదు. పైగా అప్పటికే మామగారి కళ్ళలో నీటికాసులు ముదిరాయి. ఉన్న చూపు మహా అయితే ఆ ఏడాదే నిలుస్తుందని కంటి డాక్టరు తేల్చేశారు. ఆ చూపు పోయేలోగా తండ్రిని ఆయన పనిచేసిన లాకు దాటించాలి, అదీ ముందుగా తెలియనివ్వకుండా. మావారి పట్టుదల అది.

ఇక ఆ వేసవంతా శనివారం బ్యాంకు అవగానే రాజమండ్రిలో బస్సెక్కి మా పెద్దమ్మగారి ఊరు ఆత్రేయపురం చేరడం, ఆదివారమంతా పడవ దగ్గరే. కాలువ కట్టేసిన రోజుల్లో పడవను ఎండిన అడుగులోకి దింపి బాగు చేయించుకోవడం అక్కడి పద్ధతి. నీళ్ళు వదిలితే అదే తేలుతుంది. వడ్రంగి పుచ్చిన చెక్కలు మార్చి, సందుల్లో దూది కూరి, గుగ్గిలం పూసి తన ఊరు వెళ్ళిపోయాడు. లోపలి అలంకరణంతా మాది. ఆకుపచ్చ రంగు, కొత్త పరుపు, నేను కుట్టిన కర్టెన్లు. నీళ్ళు లేని కాలువలో, ఎక్కడికీ కదలని ఆ పడవలో మధ్యాహ్నం పూట చాప మీద వాలితే, గాలికి కొబ్బరాకులు చేసే చప్పుడు అచ్చం నీళ్ళు పారుతున్నట్టే ఉండేది. నాకు పెళ్ళయిన కొత్తలో కూడా అంత తీరిక, అంత సుఖం దొరకలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు పెద్దమ్మగారిని చూడ్డానికే వెళ్ళామనడానికి సాక్ష్యంగా పూతరేకులు తెచ్చేవాళ్ళం. మామగారు అవి తింటూ, "ఏంటమ్మా, మీ పెద్దమ్మగారింట్లో వారంవారం రంగులేయిస్తున్నారా? అబ్బాయి గోళ్ళన్నీ పచ్చగా ఉన్నాయి" అనేవారు. నేను వంటింట్లోకి తప్పుకునేదాన్ని.

నీళ్ళు వదిలారని కబురొస్తే ఎగురుకుంటూ వెళ్ళాం. వెళ్ళేసరికి పడవ తేలడం లేదు. అడుగున అలాగే కూర్చుని, కప్పు మాత్రం పైకి కనిపిస్తోంది. నా కర్టెను ఒకటి కిటికీలోంచి బయటికొచ్చి నీళ్ళలో ఊగుతోంది. మావారు గట్టు మీద చతికిలబడిపోయారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆ రాత్రే ఇంటికొచ్చి, ఇక దాచి లాభం లేదని మామగారికి అంతా చెప్పేశాం.

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు. "ఎండిన పడవని నీళ్ళలో ముంచి నానబెట్టకుండా సామాను సర్దుతారుట్రా ఎవరైనా? దాన్ని తాగనివ్వండి. దాహం తీరితే చెక్కలు అవే బిగుసుకుంటాయి. అప్పుడు నీళ్ళు తోడెయ్యండి." ఎవరికి తెలియకూడదని అంత జాగ్రత్తపడ్డామో, అడగవలసిన మనిషి ఆయనే.

ఆయన చెప్పినట్టే అయింది. పడవ లేచింది. రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది, పరుపు పనికిరాకుండా పోయింది. మళ్ళీ అంతా బాగు చేసి తీసుకెళ్తామని మావారు అంటే, "నా కళ్ళు అందాకా ఆగుతాయేంట్రా?" అన్నారు మామగారు. అంతే, మరుసటి ఆదివారమే వట్టి చెక్కల మీద చాప పరిచి ఆయన్ని కూర్చోబెట్టాం. వెనక చుక్కాని దగ్గర ఊరి మనిషి, ముందు గెడ పట్టుకుని మావారు.

లాకులోకి వెళ్ళాం. వెనక తలుపులు మూసుకున్నాయి. నీళ్ళు నెమ్మదిగా నిండుతూ, మేమున్నామన్న సంగతే తెలియనట్టు మమ్మల్ని పైకెత్తసాగాయి. చుట్టూ నాచు పట్టిన రాతిగోడలు కిందికి దిగిపోతున్నాయి. అంత చల్లదనం, అంత నిశ్శబ్దం నేను మళ్ళీ ఎరగను. మావారు ఉత్సాహం పట్టలేక, "నాన్నా, అటు చూడండి, మీ తలుపులు" అన్నారు.

"అయ్యి కళ్ళు మూసుకున్నా కనపడతాయిరా. నువ్వు కాసేపు కదలకుండా ఇలా నిలబడు" అన్నారు మామగారు. పడవ పై కాలువ మట్టానికి వచ్చేదాకా కొడుకు ముఖం మీంచి చూపు తిప్పలేదు.

ఆ శీతాకాలానికి చూపు పూర్తిగా పోయింది. తర్వాత ఆయన చాలాకాలమే ఉన్నారు. మావారికి జుట్టు నెరిసింది, పళ్ళు కదిలాయి, ముఖం మీద ముడతలు పడ్డాయి. అవేవీ మామగారికి తెలియవు. ఆయన దగ్గర మాత్రం ఆ ఆదివారం నాటి కొడుకే, చెమటతో, ఊడిన రంగు పెచ్చులు జుట్టులో చిక్కుకుని, నవ్వుతూ ఉండిపోయాడు.

ఇప్పుడు ఆ కాలువలో పడవలు లేవు, గుర్రపుడెక్క అల్లుకుంది. లాకు తలుపులు తుప్పు పట్టి తెరుచుకోవడం లేదట. మామగారు లేరు, మావారూ లేరు. ఇప్పటివాళ్ళయితే వందల ఫొటోలు తీసి ఉండేవారు, మాకు ఒక్కటీ లేదు. ఒక్కోసారి కళ్ళు మూసుకుని మావారి ఆనాటి ముఖాన్ని గుర్తు తెచ్చుకుందామని చూస్తాను. రాదు. ఆ రోజు లాకులో ఆయన అక్కడే, నాకు చేతికందేంత దూరంలోనే ఉన్నారు. నేను గోడలు చూస్తూ కూర్చున్నాను.