చలికి ఎర్రబడ్డ నారు

ఆ ఏడు చలికాలం యాసంగి పంటకు అక్క మొదటిసారి తన చేతులతో వరి నారు పోసింది. అంతకు ముందు వానాకాలంలో బావ గుండె ఆగి చనిపోయాడు. ఉప్పునుంతల దగ్గర వాళ్ల ఊళ్లో ఉన్న పొలాన్ని కౌలుకు ఇచ్చేద్దామని అత్తింటివాళ్లు అనుకున్నారు. అక్క ఔననలేదు, కాదనలేదు. ఒకరోజు పొద్దున లేచి విత్తనాలు నానబెట్టింది, అంతే.

నేను వనపర్తిలో ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. సెలవు దొరికినప్పుడల్లా నాగర్‌కర్నూల్ మీదుగా బస్సులో అక్క దగ్గరికి పోయేదాన్ని. బావ పోయాక ఆమె మాట్లాడటమే తగ్గించేసింది. అడిగితే జవాబు చెప్పేది, లేకపోతే అదీ లేదు. అలాంటిది ఆ చలికాలం తనే ఫోన్ చేసింది. నారు ఎంతకూ పెరగడం లేదని, రంగు మారుతోందని చెప్పి, "జర వచ్చి చూస్తవా చెల్లె" అంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం పొలానికి నడిచాం. మంచులో అటువైపు నల్లమల కొండలే కనిపించలేదు. గట్లు, తుమ్మచెట్లు, కరెంటు స్తంభాలు దగ్గరికి వెళ్లేకొద్దీ ఒక్కొక్కటే పుడుతున్నట్టు బయటపడుతున్నాయి. నారుమడి కూడా అలాగే కనిపించింది. పచ్చగా ఉండాల్సిన చోట పాలిపోయిన పసుపు. ఆకుల కొసలు ఎర్రగా, తుప్పు పట్టినట్టున్నాయి. మడిలో నీళ్లను ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయాయి.

పక్క పొలం రైతు యూరియా చల్లమన్నాడట. అది చల్లేముందు నన్ను అడుగుదామని అక్క ఆగింది.

"గిదేం రోగం?" అంది.

రోగం కాదని, చలి అని చెప్పాను. చలికి గిన్నెలో నెయ్యి గట్టిపడుతుంది కదా, మొక్కలో ప్రతి కణం చుట్టూ సన్నని కొవ్వు పొర ఉంటుంది, అదీ అలాగే బిగుసుకుపోతుంది అన్నాను. అప్పుడు మొక్క వేర్లు నీళ్లను సరిగా తాగలేవు. ఎరువు వేసినా అందుకోలేవు. ఆకులో పచ్చదనం తయారయ్యే పని మందగిస్తుంది. ఎండ మాత్రం రోజూలాగే పడుతుంది. పడిన వెలుగును వాడుకునే శక్తి లేక ఆకు లోపల్లోపలే కమిలిపోతుంది. ఆ ఎరుపు, ఎండ మరీ తగలకుండా ఆకు కప్పుకున్న కొంగులాంటిది. చలికి తట్టుకోవడానికి లోపల చక్కెర కూడా దాచుకుంటుందని చెప్పాను.

అక్క వంగి ఒక ఆకు తెంపి నోట్లో వేసుకుంది. చాలాసేపు నమిలింది.

"తియ్యగనే ఉన్నట్టున్నది."

నేనూ నమిలాను. ముందు గడ్డి వాసనే తగిలింది. తర్వాత, ఆమె అన్నందుకేనేమో, నాలుక చివర ఏదో తీపి. అది నిజంగా ఆకులోదేనా అంటే ఇప్పటికీ చెప్పలేను.

"అయితే గిది సచ్చిపోలేదా?"

"సావలేదక్కా. ఆగి ఉన్నది."

ఏం చేయాలని అడిగింది. రాత్రంతా చల్లబడ్డ నీళ్లను పొద్దున్నే తీసేసి, బోరు నుంచి కొత్త నీళ్లు పెట్టాలన్నాను. భూమి లోపలి నీళ్లు ఆ వేళకు గోరువెచ్చగా ఉంటాయి. అక్క గట్టు మీద కూర్చుండిపోయింది. మంచులోకి చూస్తూ అంది:

"నీళ్లు మార్చెతందుకేనేమో, మీ బావ గింత పొద్దుగాల వచ్చెటోడు. చాయ్ తాగి పొమ్మంటే ఆగకపోయెటోడు. నేను అలిగేదాన్ని."

బావ పోయాక ఆయన మాటెత్తడం అదే మొదలు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. తర్వాత ఆమే లేచి పోయి మోటారు వేసింది. పైపులోంచి పడుతున్న నీళ్ల మీద తెల్లగా ఆవిరి లేచింది. ఆ ఆవిరిలో మోకాళ్ల దాకా మునిగి అక్క మడి గండి తెరుస్తుంటే, ఆమె నేల మీద కాక మబ్బులో నడుస్తున్నట్టే ఉంది.

సెలవులు అయిపోయేదాకా అక్కడే ఉన్నాను. యూరియా వద్దనుకున్నాం. వ్యవసాయాధికారి చెబితే జింకు మందు పిచికారీ చేశాం. సాయంత్రం వెదురు బద్దలు వంచి, వాటి మీద ప్లాస్టిక్ పట్టా కప్పేవాళ్లం. పొద్దున తీసేటప్పుడు లోపల పట్టిన చెమ్మ చినుకుల్లా మా తలల మీద రాలేది, తడి మట్టి వెచ్చగా ఊపిరి వదిలినట్టుండేది. ఒకసారి ఆ నీళ్లన్నీ నా మెడ మీద పడితే అక్క పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

పల్లంలో ఉన్న నారు చనిపోయింది. మిగతా దాంట్లో పసుపు ఆకుల నడుమ నుంచి లేత పచ్చటి ఆకు ఒకటి సూదిలా పైకి వచ్చింది. పాత ఆకులు మాత్రం పచ్చబడలేదు, అలాగే ఎండిపోయాయి.

నాట్ల రోజుకు నేను మళ్లీ వెళ్లాను. అక్క మామ వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. పీకి పెట్టిన నారుకట్టలను లెక్కపెట్టాడు. చివరికి, "పై మడికి నారు సాలదు బిడ్డా. నువ్వులు ఏద్దాం" అన్నాడు. అక్క తలూపింది. కౌలు మాట ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆలస్యంగా నాటడం వల్ల ఆ పంట కాస్త తక్కువే వచ్చింది, ఇంటి తిండికి మాత్రం లోటు లేదు.

ఆ రోజు నాట్లు ఇంకా నడుస్తుండగానే నేను మధ్యాహ్నం బస్సుకు బయల్దేరాను. మంచు ఎప్పుడో విడిపోయింది. కొండలు నీలంగా, దగ్గరగా ఉన్నాయి. అక్క బురదలో కూలీల వరుసలో ఉంది. చేతుల నిండా నారుకట్ట ఉండటంతో మోచెయ్యి ఎత్తి ఊపి, మళ్లీ వంగింది.