పొట్ట మీది చెంబు

నాకు కుదురు లేదు. "కాలు కాలిన పిల్లి మాదిరి ఏందీ తిరుగుడు?" అని చిన్నప్పుడు మా నాయన విసుక్కునేవాడు. చివరికి తీసుకెళ్లి ఆళ్లగడ్డలో సంగీతం నేర్పే ఒకామె దగ్గర చేర్పించాడు. ఆమె అహోబిలం అర్చకుల ఇంటి ఆడబిడ్డ. ఆమెకు యోగా వేరు, పాట వేరు కాదు. మమ్మల్ని వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద నీళ్ల చెంబు పెట్టి, కింది 'స' పట్టి నిలపమనేది.

మొదటి రోజే నీళ్లు తొణికి నా గౌను తడిసింది. పక్క పిల్లలు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఇక చుక్క కూడా తొణకనివ్వకూడదని పట్టు పట్టి, కొద్ది రోజుల్లోనే సాధించాను. పొట్ట బిగబట్టి గొంతుతోనే పాడితే చెంబు కదలదు. తడిసిన పిల్లల్ని సర్దడంతోనే ఆమెకు సరిపోయేది, పొడిగా ఉన్న నా జోలికి వచ్చేది కాదు. పెళ్లయి నంద్యాల వచ్చాక కూడా రోజూ పొద్దున్నే అదే సాధన. నా మొత్తం బతుకులో కుదురుగా ఉన్నది ఆ చెంబొక్కటే అని గర్వపడేదాన్ని.

నిరుడు గొంతు బొంగురుపోయింది. పై స్వరాలు చీలిపోయాయి, కిందివి పలకనే లేదు. ఇలాగే పాడితే గొంతు పూర్తిగా పోతుందన్నాడు డాక్టరు. భయపడిపోయాను. పాట లేకపోతే నాకు మిగిలేది ఆ తిరుగుడే కదా! వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి మేడ మీదికి తిరిగి తిరిగి, ఇక ఉండబట్టలేక ఆళ్లగడ్డ బస్సెక్కాను.

ఆమెకు ఇప్పుడు చూపు ఆనదు. నా మాట వినగానే "పండుకో" అంది. చెంబు నా పొట్ట మీద పెట్టి, దాని మీద చెయ్యి ఆనించి పాడమంది.

"చెంబు కదల్దేందీ?"

"నీళ్లు తొణక్కుండా నేర్చుకున్నా గదమ్మా."

"తొణకగూడదని నేనెప్పుడు చెప్పినా?"

ఎంత వెతుక్కున్నా ఆమె ఆ మాట అన్నట్టు గుర్తు రాలేదు. నవ్విన పిల్లలే గుర్తొచ్చారు.

"ఊపిరి తీస్తే పొట్ట లేస్తాది, చెంబూ లేస్తాది. అది తెలియాలనే పెట్టింటి. ఇన్నేండ్లూ ఊపిరి బిగబట్టి గొంతు కోసుకుంటాండావా? కదలకుండా పండుకునేది పీనుగొకటే మే!"

కోపం వచ్చింది. ఆమె మీదో నా మీదో తెలియలేదు. ఆ కోపంలోనే గట్టిగా ఊపిరి పీల్చాను. చెంబు ఒరిగి చన్నీళ్లు నడుము కిందికి పారాయి. కింది 'స' పలికింది. గరగరగా ఉంది, కానీ పొట్టలోంచి వచ్చింది. తడి చీరతోనే బస్సులో తిరిగొచ్చాను.

గొంతు పూర్తిగా నయమవుతుందో లేదో డాక్టరు ఇంకా చెప్పడం లేదు. ఆయన ఒప్పుకున్న కాసేపే పాడుతున్నాను. "దినామూ ఈ తడేందీ?" అని మా ఆయన నా సాధన చాప ఎండేస్తూ గొణుగుతాడు. చాప పొడిగా ఉన్న రోజు నాకు భయమేస్తుంది.