మణికట్టు మీద ముద్ర

చేవెళ్ల పోస్టాఫీసులో మా యూనియన్ సెక్రటరీ అన్నను తలచుకుంటే ముందు ఆయన ఎడమ మణికట్టే గుర్తొస్తుంది. పొద్దున తపాలా ముద్రలో తేదీ మార్చగానే మేమంతా మొదటి ముద్ర చిత్తు కాగితం మీద వేసి చూసేవాళ్లం. ఆయన మాత్రం మణికట్టు మీద వేసుకునేవాడు. సాయంత్రం దాకా అక్కడ నల్లగా మా ఊరి పేరు ఉండేది.

మొయినాబాద్ దారి పొడవునా ప్లాట్ల జెండాలు లేచిన కాలమది. ఉత్తరాల సార్టింగ్‌ను, మాతో సహా, నగరానికి మారుస్తున్నారని తెలిసి గేటు ముందు ధర్నాకు కూర్చున్నాం. రోజురోజుకూ పలచబడ్డాం. ఒకరోజు ఎవడో వచ్చి, మా ముఖాలైనా చూడకుండా, ఈల వేసుకుంటూ గోడలు టేపుతో కొలుచుకుపోయాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి. మనం కదలకపోతే ఎట్ల తీస్కపోతరు?" అన్నాడాయన.

మర్నాడు టపా సంచిలో కొత్త ముద్ర వచ్చింది. ఇకమీదట అదే వాడాలట. ఆయన అలవాటుగా మణికట్టు మీద నొక్కుకున్నాడు. తేదీ సరిగ్గానే ఉంది. ఊరి పేరు మాత్రం మాది కాదు, నగరానిది.

"కడుక్కో అన్నా, పోతది" అన్నాను.

ఆయన మడిచిన చొక్కా చేతిని మెల్లగా కిందికి దించి, గుండీ పెట్టుకున్నాడు.