ఉన్న సొట్ట ఉన్నట్టే

బావగారికి ఒకటే జబ్బు. పాడైన వస్తువు ఏది ఇచ్చినా బాగుచేస్తారు గానీ, బాగుపడినట్టు కనపడనివ్వరు.

ఈ జబ్బుతో అందరికంటే ఎక్కువ అవస్థ పడ్డవాడు ఆయన బావమరిది. వీధి చివర టింకరింగ్ షాపు అతనిది. గుద్దుకున్న కార్లకు సొట్టలు తీసి, రంగేసి, అద్దంలా మెరిపించి పంపడం అతని పని. అందరూ మేస్త్రి అంటారు. ‘ఇచ్చట సొట్టలు తీయబడును’ అని షాపు బోర్డు మీద తనే ఎర్రరంగుతో రాసుకున్నాడు. అలాంటివాడికి అలాంటి బావ దొరకడం ఎవరు చేసుకున్న పాపమో తెలియదు. అక్క పెళ్లినాటికి మేస్త్రి బాగా చిన్నవాడు, లేకపోతే అప్పుడే అడ్డం పడేవాడు.

బావగారు సర్వే ఆఫీసులో ముప్పై రెండేళ్లు పటాలు గీశారు. రిటైరయ్యాక కొలవడానికి భూమి కరువై వస్తువుల మీద పడ్డారు. ఏది విప్పాలన్నా ముందు దాని మీద పల్చటి కాగితం పరిచి, ఉన్న గీతలూ మరకలూ పగుళ్లూ అన్నీ పెన్సిలుతో దించుకుంటారు. ఆ తర్వాతే స్క్రూడ్రైవరు పట్టుకుంటారు. పని అయ్యాక కాగితం చూసుకుంటూ మరకల్ని లెక్కపెడతారు. ఒక్క మరక తగ్గినా ఆయనకు ముద్ద దిగదు.

ఇంట్లో ఫ్యాను తిరగడం మానేస్తే ఒక్క పూటలో తిప్పించారు. తిరిగింది గానీ, పాత కిర్రు కూడా తిరిగొచ్చింది.

“ఆ కిర్రు పోగొట్టలేకపోయారా?” అంది అక్క.

“కిర్రు దానిది.”

“మరి నిద్ర నాది కదండీ.”

పక్కింటి దర్జీ కత్తెర పదును పోయిందని ఇచ్చాడు. బావగారు పదును పెట్టి, పిడికి చుట్టి ఉన్న మాసిన గుడ్డపేలికను మళ్లీ అలాగే, అన్ని చుట్లే చుట్టి ఇచ్చారు. దర్జీ దాన్ని అటూ ఇటూ తిప్పి, “చేశారా, చెయ్యలేదా?” అని అడిగాడు. కత్తిరించి చూసుకోమన్నారు బావగారు. చూసుకోబోయి దర్జీ తన చొక్కా అంచు కత్తిరించుకున్నాడు.

ఇదంతా మేస్త్రి నవ్వుకుంటూ భరించాడు. అప్పటికి ఆ జబ్బు తన షాపు దాకా రాలేదు మరి. ఒక రోజు పొద్దున్నే బావగారు గబగబా నడుచుకుంటూ వచ్చారు.

“ఏరా, షెడ్డులో చోటుందా?”

“ఎంత చోటు కావాలి బావా?”

“కారంత.”

నాలుగు వీధుల అవతల ఒక పెద్దావిడ ఉన్నారు. పూర్వం కాన్పులు చేసిన నర్సు. అందరూ నర్సమ్మగారనే అంటారు. బావగారు ఆవిడ రేడియో బాగుచెయ్యడానికి వెళ్లి, పెరటి కొట్టంలో టార్పాలిన్ కింద ఏదో గుండ్రంగా కనిపిస్తే ఎత్తి చూశారట. ఇరవై రెండేళ్లుగా కదలని కారు. ఆవిడ ఆ ఇల్లు అమ్మేశారు. ఒకటో తారీకున చెల్లెలి ఇంటికి మారిపోతున్నారు. కారును పాతసామాన్లవాడికి ఇచ్చేద్దామని చెల్లెలి కొడుకు తొందరపెడుతున్నాడు. నర్సమ్మగారు మాత్రం ఒక షరతు పెట్టారు. ఒకటో తారీకుకి కారు నడిస్తే అందులోనే వెళతారు, దాన్ని తనతోనే ఉంచుకుంటారు. నడవకపోతే పాతసామాన్లవాడు తీసుకుపోవచ్చు.

“ఇంకా ఇరవై ఆరు రోజులుంది. నీ చెయ్యి పడాలి,” అన్నారు బావగారు.

‘నీ చెయ్యి’ అనేసరికి మేస్త్రి కరిగిపోయాడు. కారుకు తాడు కట్టి లాక్కొస్తుంటే ఆ ఇంటి కిటికీలోంచి ఒక గొంతు మాత్రం వినిపించింది. “ఎడమ తలుపు కాస్త ఎత్తి మూయాలి బాబూ.”

షెడ్డులోకి చేర్చి టార్పాలిన్ తీసేసరికి మేస్త్రికి ఒక్కసారిగా ఆకలేసినట్టయింది. ఒకప్పుడు ఆకుపచ్చగా ఉండి, ఇప్పుడు ఏ రంగో చెప్పలేని బండి. చుట్టూ తిరిగి లెక్కపెట్టాడు. పదకొండు సొట్టలు.

“బావా, పది రోజులు నాకు వదిలెయ్. ఎవరూ గుర్తుపట్టలేనట్టు తయారుచేస్తాను.”

“అదే వద్దు. లోపల ఏం మార్చుకుంటావో మార్చుకో. పైన మాత్రం ఉన్న సొట్ట ఉన్నట్టే ఉండాలి.”

“పదకొండూనా?”

“పదకొండూ.”

ఆయన అప్పటికే కాగితాల చుట్ట విప్పి, మోకాళ్ల మీద కూర్చుని సొట్టలకు పటాలు గీస్తున్నారు.

ఇంజను బిగుసుకుపోయి ఉంది. ప్లగ్గులు విప్పి ఆ కన్నాల్లో నూనె పోసి నానబెట్టారు. రోజూ పొద్దున బావగారు వచ్చి, ముందువైపు హ్యాండిలు దూర్చి, రెండు చేతులా బలంకొద్దీ తిప్పేవారు. ఎనిమిది రోజులు అది నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. తొమ్మిదో రోజు ఒక వేలెడు కదిలింది. బావగారు వెళ్లి గోడవైపు తిరిగి కళ్లజోడు తుడుచుకున్నారు. పెట్రోలు ట్యాంకులో అడుగున జిగురు గీకారు. గాలి ఫిల్టరులో ఎలుకలు కట్టుకున్న గూడు తీశారు. దాన్ని కూడా బావగారు పారేయనివ్వలేదు. అట్టపెట్టెలో పెట్టించారు.

“బ్రేకులు కూడా పాతవే ఉంచుదామా?” అన్నాడు మేస్త్రి కడుపుమంటతో.

“ఆగడం కొత్తగానే ఆగొచ్చు. కనపడటం పాతగా కనపడాలి.”

ఇరవయ్యో రోజున ఇంజను దగ్గింది, తుమ్మింది, షెడ్డంతా పొగ చేసి, చివరికి కుదురుగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఇద్దరూ మసి మొహాలతో ఒకర్నొకరు చూసుకుని నవ్వారు. మేస్త్రికి ఎన్నో ఏళ్లుగా పని మీద అంత సంతోషం కలగలేదు. ఆ సంతోషమే అతని కొంప ముంచింది.

ఎడమవైపు ముందు మడ్‌గార్డు మీద అరచేతిలో పట్టేంత సొట్ట ఒకటి ఉంది. ఒకదాని పక్కన ఒకటి రెండు గుంటలు. లోపలి నుంచి చెయ్యి చక్కగా అందుతుంది. అంత అందుబాటులో సొట్ట ఉంటే మేస్త్రికి పిలిచి పీట వేసినట్టే. ఇరవై రోజులుగా దాని పక్కనుంచి నడిచినప్పుడల్లా అతని చేతులు దురద పెడుతూనే ఉన్నాయి. ఆ మధ్యాహ్నం బావగారు బ్రేకు రబ్బర్ల కోసం పక్క ఊరు వెళ్లారు. ఒక్కటే కదా అనుకున్నాడు మేస్త్రి. పదకొండులో ఒకటి పోతే పది, లెక్కకు కూడా బాగుంటుంది.

బయట ఇనుప దిమ్మ ఆనించి, లోపలి నుంచి సుత్తితో తట్టి, గంటలో చదును చేశాడు. కొత్త రంగు వేస్తే దొరికిపోతాడు. అందుకని ఆకుపచ్చలో కాస్త బూడిదరంగు, కాస్త షెడ్డు దుమ్ము కలిపి, వెలిసిన రంగును వెలిసినట్టే తయారుచేసి అద్దాడు. జీవితంలో మొదటిసారి బావగారి పద్ధతిలో పనిచేశాడు, అదీ బావగారి కళ్లు కప్పడానికి.

మర్నాడు బావగారు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని కారు చుట్టూ తిరిగారు. ఎడమ మడ్‌గార్డు దగ్గర ఒక కప్పు టీ తాగేంతసేపు నిలబడ్డారు. మేస్త్రి తేలు కుట్టిన దొంగలా చూస్తున్నాడు.

“బ్రేకు రబ్బర్లు దొరికాయి,” అన్నారు బావగారు. మేస్త్రి ఊపిరి పీల్చుకున్నాడు.

ఒకటో తారీకు పొద్దున కారు తన కాళ్ల మీద తను నడిచి నర్సమ్మగారి ఇంటికి వెళ్లింది. లారీలోకి మంచాలు ఎక్కుతున్నాయి. చెల్లెలి కొడుకు గేటు దగ్గర పాతసామాన్లవాడితో మాట్లాడుతున్నాడు. ఎందుకైనా మంచిదని వాణ్ని కూడా పిలిపించి ఉంచాడు. తెల్లజుట్టు నర్సమ్మగారు హ్యాండ్‌బ్యాగు పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. బావగారు ఎదురెళ్లారు.

“రెండు మెట్లమ్మా. తర్వాత తిన్నగా పదమూడు అడుగులు.”

మేస్త్రికి అప్పుడు తెలిసింది, ఆవిడకు చూపు లేదని.

నర్సమ్మగారు బానెట్టు మీద చెయ్యి వేసి, నిమురుకుంటూ కుడివైపు నడిచారు. చెయ్యి తలుపు మీద ఆగింది. “ఇది పోస్టుమాస్టరు గారి అమ్మాయి. వాళ్ల గేటుకి రాసుకుంది.” ఇంకొంచెం వెనక్కి వెళ్లారు. “ఇది బేకరీవాళ్ల మూడోవాడు. ఎంతకీ ఏడవలేదు, ఇప్పుడు ఎంతకీ ఊరుకోడట.” ఒక్కో సొట్టకు ఒక్కో బిడ్డ. పదిమందిని పలకరించి, చుట్టూ తిరిగి, నవ్వుమొహంతో ఎడమ మడ్‌గార్డు దగ్గరికి వచ్చారు. చెయ్యి నున్నగా జారిపోయింది. మళ్లీ వెనక్కి వచ్చింది. మళ్లీ జారింది. ఆవిడ మొహంలో నవ్వు పోయింది.

“ఇది నా కారు కాదు.”

“అదేంటి పెద్దమ్మా?” అన్నాడు చెల్లెలి కొడుకు.

“నాది బాగుపడలేదని చెబితే సరిపోయేది. కళ్లు లేవని ఇలాంటిదే ఇంకోటి తెచ్చి, మిగతాచోట్ల సొట్టలు పెట్టించి నిలబెట్టారు. నేనిందులో ఎక్కను.”

చెల్లెలి కొడుకు గేటు వైపు చూశాడు. పాతసామాన్లవాడు లేచి నిలబడ్డాడు.

మేస్త్రి ముందుకొచ్చాడు. “కారు మీదేనమ్మా. ఆ సొట్ట నేను తీసేశాను.”

“ఎందుకు తీశావు?”

“బాగుంటుందని.”

“ఎవరికి?”

వెనక డిక్కీ తెరుచుకున్న చప్పుడైంది. బావగారు కాగితాల చుట్ట తెచ్చి, అందులోంచి ఒకటి తీసి మడ్‌గార్డు మీద పరిచారు. రెండు గుంటలు, వెడల్పు ఇంత, లోతు ఇంత అని ముత్యాల్లాంటి అంకెలు.

“నీకు తెలుసా బావా?” అన్నాడు మేస్త్రి నెమ్మదిగా.

“మర్నాడే తెలుసు.”

“మరి ఒక్క మాట అనలేదేం?”

“చాలా బాగా చేశావురా. తిడదామంటే చోటు దొరకలేదు. పటం మాత్రం డిక్కీలో పెట్టుకున్నాను.” తర్వాత నర్సమ్మగారి వైపు తిరిగారు. “అమ్మా, ఆ దెబ్బ దేంతో తగిలింది? అది నా పటంలో లేదు.”

“తాళంకప్పతో. లోపల భార్యకు నొప్పులు. కవలలు. నేనేమో కారును పక్కకు సరిగ్గా పెట్టుకుంటున్నాను. ఆ తండ్రికి ఓపిక లేదు. ఆస్పత్రికి వెళ్లాల్సొస్తే ఇంటికి వేద్దామని తెచ్చిన తాళంకప్ప పిడికిట్లోనే ఉంది. దాంతో కొట్టాడు, దిగండి దిగండి అని.”

మేస్త్రి జేబులో చెయ్యి పెట్టాడు. పొద్దున షాపు తెరిచి జేబులో వేసుకున్న తాళంకప్ప అక్కడే ఉంది. పటం మీద గుర్తు చూసుకుని, కళ్లు సగం మూసుకుని, ఒకటి తగిలించాడు.

“అలా కొడితే నేను దిగేదాన్నే కాదు,” అన్నారు నర్సమ్మగారు. “కవలలని చెప్పాను కదా.”

ముప్పై ఏళ్లుగా సొట్టలు తీసిన చెయ్యి పైకి లేచింది. ఈసారి అదే గుంటలో గట్టిగా, దాని పక్కన ఇంకోటి. మళ్లీ ఎత్తేసరికి ఆవిడ ఆపారు. “చాలు. మూడోది పడకముందే దిగిపోయాను.”

ఆవిడ అరచెయ్యి వచ్చి ఆ గుంటల్లో కూర్చుంది. చాలాసేపు అక్కడే ఉంది.

“కాస్త లోతెక్కువైందేమో,” అన్నారు ఆవిడ.

బావగారు జేబులోంచి స్కేలు తీసి కొలిచారు. “అర నూలు ఎక్కువ.”

“పర్వాలేదులెండి. ఆ పిల్లలు కూడా ఎదిగారు కదా.”

ఆవిడ నవ్వుతూ ఎక్కి కూర్చున్నారు. మేస్త్రి ఎడమ తలుపును కాస్త ఎత్తి మూశాడు. పాతసామాన్లవాడు లారీలోకి మంచం ఎక్కించడంలో సాయం పట్టాడు.

ఆవిణ్ని చెల్లెలింట్లో దింపి, కారు అక్కడే ఉంచి, బావా బావమరుదులు నడుచుకుంటూ వస్తున్నారు.

“చూపు లేదని ముందే చెబితే నేను ముట్టుకునేవాణ్ణా బావా?”

“ఎవరికీ చెప్పొద్దన్నారు. తెలిసినవాళ్లంతా ఆవిడతో కొత్తగా మాట్లాడటం మొదలుపెట్టారట. పాతగా మాట్లాడేవాళ్లు కావాలన్నారు. ఆ రేడియో నాలుగేళ్లుగా నేనే చూస్తున్నాను. మీట మీద పగులు వేలికి తగిలితేనే ఆవిడకు స్టేషను దొరుకుతుంది.”

మేస్త్రికి దర్జీ కత్తెర గుర్తొచ్చింది. ఆ మాసిన పేలిక చుట్టింది, ఇప్పుడు లేని అతని భార్యేనని వీధిలో అందరూ ఎరుగుదురు. ఇన్నాళ్లూ ఆ పేలికనూ బావగారి జబ్బునూ కలిపి చూడనందుకు మేస్త్రికి సిగ్గేసింది. అక్క ఫ్యాను కిర్రు వెనక కూడా ఏదైనా ఉందేమోనని అడిగాడు.

“అదేం లేదురా. పోగొట్టడం నాకు చేతకాలేదు. అక్కతో అనకు.”

మర్నాడు షాపు బోర్డు మీద ‘ఇచ్చట సొట్టలు తీయబడును’ కింద ఇంకో వరస వెలిసింది: ‘అడిగినవారికి వేయబడును’. బావగారు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, తల ఎత్తి చదివారు.

“బాగుంది. కింది వరస మరీ కొత్తగా కనపడుతోంది.”

మేస్త్రి నిచ్చెన వేసుకున్నాడు. షెడ్డులోంచి గుప్పెడు దుమ్ము తీసుకెళ్లి, పై వరసతో కలిసిపోయేదాకా రుద్దాడు.