షావుకారు గారి జేబులు

చరిత్ర రాసేవాళ్ళు యుద్ధాలకూ పట్టాభిషేకాలకూ తారీకులు వేస్తారు గాని, మనుషులు టీ తాగే పద్ధతులను పట్టించుకోరు. ఆ అశ్రద్ధ వల్లనే, నర్సీపట్నంలో ఉమామహేశ్వరరావు గారు స్టీలు గ్లాసుతో తన జీడిపిక్కల షెడ్డు గుమ్మంలో నిలబడి టీ తాగడం ఏ సంవత్సరంలో మొదలైందో ఇప్పుడు ఇదమిత్థంగా చెప్పలేకపోతున్నాం. ఆయన లోపల కూర్చుని తాగవచ్చు. లోపల ఫ్యాను ఉంది, కుర్చీ ఉంది, కుర్చీ మీద తువ్వాలు కూడా ఉంది. అయినా రోడ్డు వైపు తిరిగి, ఎదురు షెడ్డులోకి పనికి వెళ్ళే ఆడవాళ్ళను పైకి వినబడేలా లెక్కపెడుతూ, అంకెకు ఒక గుటక చొప్పున తాగుతాడు. ఈ అలవాటు ఒక ప్రభుత్వ శాఖను కదిలించింది, రెండు తాఖీదులను పుట్టించింది, ఒక ఆడమనిషిని అనకాపల్లి బస్సెక్కించింది. ఇంత పని చేయని యుద్ధాలు చాలా ఉన్నాయి.

ఎదురు షెడ్డు ఈశ్వరిది.

ఈశ్వరి అంతకుముందు ఆ షావుకారు గారి షెడ్డులోనే పీట మీద కూర్చుని పప్పు ఒలిచేది. చేతివేళ్ళు జీడి సొనకు నల్లబడి, ఆధార్ మిషనుకు ఆమె మనిషని నచ్చచెప్పడం కష్టమయ్యేంత కాలం ఒలిచింది. ఒకనాటి సాయంత్రం తూకంలో విరగని గుండు పప్పు ఒక కిలో తక్కువైంది. షావుకారు గారు అందరినీ వరసగా నిలబెట్టి, ఈశ్వరి దగ్గర ఆగి, “కొంగు దులుపు” అన్నాడు. ఆమె దులిపింది. ఒక బస్సు టికెట్టూ, ఒక వక్క ముక్కా రాలాయి. “సరే, పో” అన్నాడు. తక్కువైన పప్పు మర్నాడు కాటా వెనకాల గోనె కింద దొరికింది. ఆ సంగతి అందరికీ తెలిసింది. ఆ “సరే, పో” అన్న మాటను మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

ఈశ్వరి మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని సొంతంగా షెడ్డు పెట్టింది. నాతవరం రోడ్డులో ఇంతకన్నా పెద్ద గోడౌను తక్కువ అద్దెకు వస్తుందని ఆమె తమ్ముడు గంగులు చెప్పి చూశాడు.

“అక్కడ గాలొస్తాది, నీల్లొస్తాయి. ఇక్కడ ఏటుందే అప్పా?”

“ఎదురుగా ఉన్నాది” అంది ఈశ్వరి.

షెడ్డు తెరిచిన రోజు కొబ్బరికాయ కొట్టి, పనికి వచ్చిన ఆడవాళ్ళందరి ముందూ ఆమె ఒక ప్రతిజ్ఞ చేసింది. కురులు ముడవకపోవడం వంటి ఆర్భాటాలేవీ అందులో లేవు. “ఆ షావుకారు సేత జేబులు దులిపిస్తాను. నా కొంగు దులిపిన రోజు ఎవులు సూసారో ఆళ్ళ ముందే. అది నా కళ్ళతో సూస్తాను. అంతే.”

ప్రతీకారమనే విద్యలో ఆమె మొదట చిల్లర పనులే చేసింది. ఆయన కన్నా ముందే కృష్ణదేవిపేట వెళ్ళి పిక్కలకు బయానా ఇచ్చేది. ఆయన షెడ్డు ముందు బురద ఉన్న రోజు చూసి తన షెడ్డు ముందు ఇసుక పోయించేది. అవేవీ జేబుల దాకా రాలేదు. అసలైన అవకాశం షావుకారు గారే, టీ తాగుతూ తాగుతూ, తన చేతులతో తయారుచేసి ఇచ్చాడు.

ఆయన లెక్క ఒక వారానికి ఇరవై మూడు ముఖాలు తేలింది. ఎదటి మనిషి ఇరవై ముగ్గురిని పెట్టుకుని, యజమానిగా వృత్తి పన్నుకు పేరు నమోదు చేసుకోలేదని పన్నుల ఆఫీసుకు ఫిర్యాదు పెట్టాడు. దేశభక్తితోనే పెడుతున్నానని అందులో రెండుసార్లు రాశాడు.

ఈశ్వరి పేర తాఖీదు వచ్చింది. ఆమె దాన్ని పట్టుకుని అబీద్ సెంటర్లో పన్నుల సంగతులు చూసే రాజుబాబు దగ్గరికి వెళ్ళింది. రాజుబాబు ఒక కంప్యూటరూ, రెండు ప్లాస్టిక్ కుర్చీలూ, అపారమైన ఓర్పూ గల మనిషి.

“మీ దగ్గర పనిచేసేవాళ్ళు ఎంతమంది ఈశ్వరి గారూ?”

“ఎనిమిది పీటలండి.”

“పీటలు కాదండీ, మనుషులు.”

“ఏ రోజుకి?”

రాజుబాబు కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాడు.

ఆ చుట్టుపక్కల పిక్కల షెడ్లలో పీట మనిషిది కాదు, ఇంటిది. ఇవాళ అత్త కూర్చుంటుంది. రేపు అత్తకు నడుం పట్టేస్తే కోడలు కూర్చుంటుంది. కోడలు ఊడుపులకు పోతే ఆడపడుచు వస్తుంది. ఒలిచిన పప్పును బట్టి కూలి ఆ ఇంటికి పోతుంది. ఎవరు వచ్చారని యజమానులు అడగరు, ఎందుకు రాలేదని అంతకన్నా అడగరు. పీట ఖాళీగా లేకపోతే చాలు. షావుకారు గారి షెడ్డులోనూ ఇదే పద్ధతి. కాని సొంత షెడ్డులో పీటలు లెక్కపెట్టుకునే ఆయన, ఎదటి షెడ్డులో ముఖాలు లెక్కపెట్టాడు. శత్రువును చూసే కళ్ళకు ఆ మాత్రం పెద్దగా కనబడడం సహజమే.

“అప్పలలక్ష్మి పీటలో ఎవరెవరు కూర్చుంటారు?” అని అడిగాడు రాజుబాబు, నీరసంగా.

“అప్పలలక్ష్మి, ఆల తోటికోడలు, ఒక్కోపాలి ఆల పెద్దమ్మ. పెద్దమ్మకి కళ్ళు ఆనవు, గుండ్లు ఇరగ్గొట్టి బద్దలెక్కువ చేసేస్తాది. ఆవిణ్ణి రాయాలేటి?”

“ఆవిడ్ని వదిలేద్దామండీ.”

“వదిలేస్తే నొచ్చుకుంటాది.”

ఆధార్లు, ఫోన్ నంబర్లు, షెడ్డు అద్దె కాగితం, కరెంటు బిల్లు, ఈశ్వరి ఫోటో, షెడ్డు ఫోటో, షెడ్డు ముందు ఈశ్వరి ఫోటో, అన్నీ ఎక్కించారు. ఓటీపీ వచ్చినప్పుడల్లా సర్వరు పడుకునేది, సర్వరు లేచేసరికి ఓటీపీకి కాలం చెల్లేది. చివరికి ఇంటికొకరి చొప్పున ఎనిమిది పేర్లు యజమాని రిజిస్ట్రేషన్‌లోకి వెళ్ళాయి. పెద్దమ్మ నొచ్చుకుంది.

ఆ తిరుగుళ్ళలోనే ఒకనాడు రాజుబాబు, సర్వరు లేవడానికి ఎదురుచూస్తూ, కాలక్షేపానికి ఒక మాట జారవిడిచాడు. “మీ మీద ఫిర్యాదు పెట్టిన ఆయన మాత్రం నమోదు చేయించుకున్నాడా ఏంటండీ? ఈ రోడ్డు మొత్తం మీద ఎవరికీ లేదు.”

ఈశ్వరి చాలా మెల్లగా అడిగింది. “నేకపోతే ఏటి సేస్తారు బాబూ?”

“ఆఫీసరు వచ్చి సర్టిఫికెట్ చూపించమంటాడు.”

“ఆయన దగ్గర నేదు కదా. అప్పుడు?”

“వెతుక్కుంటాడు.”

“ఎక్కడెక్కడ వెతుక్కుంటాడు?”

“సొరుగులో, బీరువాలో...” రాజుబాబు కుర్చీలో సర్దుకున్నాడు. ఆవిడ తన చొక్కా జేబు వైపు అదోలా చూస్తోంది.

సర్టిఫికెట్ వచ్చిన రోజునే ఈశ్వరి దానికి అద్దం కట్టించి, సింహాద్రి అప్పన్న పటం పక్కన తగిలించింది. ఆ రోజునే ఎదురు ఫిర్యాదు కూడా చెప్పి రాయించింది. రాజుబాబు అందులో చాలా మాటలు కొట్టేశాడు.

“‘పాపిష్టి ముండాకొడుకు’ అని ఇందులో పెట్టకూడదండీ.”

“మరెక్కడ పెడతారు?”

“అలాంటి గడి లేదండీ. ‘సదరు యజమాని’ అని పెడతాను.”

“కోపంగానే ఉంటాదా ఆ మాట?”

“చాలా కోపంగా ఉంటుంది” అన్నాడు రాజుబాబు, మనశ్శాంతి కోసం.

షావుకారు గారి షెడ్డుకు అధికారి తనిఖీకి వచ్చే తారీకు ఎలాగో పొక్కింది. ఆ కబురు అందగానే ఈశ్వరి పీటలన్నిటినీ రోడ్డు వైపు తిప్పించింది. షెడ్డు తలుపు రెండో రెక్క తుప్పు పట్టి తెరుచుకోకపోతే నూనె పోయించింది. ఎర్ర అంచు చీర ఇస్త్రీకి ఇచ్చింది. షావుకారు గారి షెడ్డులో పీట ఉన్న సోమలమ్మను పిలిచి, “ఆ రోజు నువ్వే రా. కోడల్ని పంపకు. నా కొంగు దులిపిన రోజు పక్కన నిలబడ్డావు, గుర్తుందా?” అంది.

“గుర్తు లేకేటి? వక్క ముక్క నానే ఏరి నీ సేతిలో పెట్టినాను” అంది సోమలమ్మ.

అయితే ప్రభుత్వం న్యాయమైనది. ఒకరి మీద ఒకరు పెట్టుకున్న ఇద్దరినీ ఒకే రోజు విచారించడం దాని ధర్మం. ఈశ్వరి ఫిర్యాదు మీద అధికారి షావుకారు గారి షెడ్డుకు వచ్చే రోజునే, షావుకారు గారి ఫిర్యాదు మీద ఆ ఇరవై ముగ్గురి సంగతి చెప్పుకోవడానికి ఈశ్వరి అనకాపల్లి ఆఫీసులో హాజరు కావాలని కాగితం వచ్చింది. మర్నాడు వస్తానని ఆమె రాజుబాబు చేత ఫోను చేయించింది. పేరు నమోదైన యజమాని పిలిచిన రోజున రాకపోతే బాగుండదన్నారు. పేరు నమోదు చేసుకోక ముందు ఆమెను ఎవరూ ఎక్కడికీ రమ్మనలేదు. ఇస్త్రీ చీర కట్టుకుని, ఎదురు షెడ్డు గుమ్మాన్ని ఒకసారి తనివితీరా చూసి, బస్సెక్కింది.

ఆఫీసులో ఒక పెద్దమనిషి మర్యాదగా కూర్చోమన్నాడు.

“ఇరవై మూడు మంది అని ఉందమ్మా ఫిర్యాదులో. మీరు ఎనిమిది అని రాశారు.”

“పీటలెనిమిదండి. ముఖాలు మారతాయి. ఆ షావుకారు టీ తాగుతూ నెక్కెట్టినాడు.” ఆమె కళ్ళు గోడ గడియారం మీద ఉన్నాయి. “బాబూ, అక్కడికి మీ ఆఫీసరు గారు ఎల్లిపోయుంటారా?”

“వెళ్ళి ఉంటారు. జీతం మనిషికా, పీటకా?”

“పప్పుకండి. కిలోకింతనీసి.” మళ్ళీ గడియారం. “ఇప్పుడు బీరువా తీసుంటాడు.”

“ఎవరు?”

“ఎవులూ కాదండి. రాసుకోండి బేగి.”

“ఒక్కొక్కరికి నెలకు పదిహేను వేలు దాటుతుందా?”

ఆ రోజు మొత్తానికి ఈశ్వరి నవ్వింది అప్పుడే. “ఇంటిల్లిపాదికీ కలిపినా దాటదు బాబూ.”

ఆయన ఏదో రాసుకుని, “వెళ్ళి రండమ్మా. రిటర్న్ మాత్రం మానకుండా వేస్తూ ఉండండి” అన్నాడు.

ఆమె నర్సీపట్నంలో బస్సు దిగేసరికి పొద్దు వాలింది. షెడ్డు ముందు సోమలమ్మ, అప్పలలక్ష్మి, మిగిలినవాళ్ళూ ఆమె కోసమే కాచుక్కూర్చున్నారు. వాళ్ళ ముఖాలు చూడగానే ఏం జరిగిందో ఆమెకు తెలిసిపోయింది. అందుకే గుమ్మంలోనే కూలబడింది.

“సెప్పు.”

“ఏటి సెప్పమంటావే ఈశ్వరీ!” అంది సోమలమ్మ. “ఆఫీసరు కాయితం సూపించమన్నాడు. మావోడు సొరుగు లాగినాడు, బీరువా తీసినాడు, పరుపు కూడా ఎత్తినాడు. ‘ఇక్కడే పెట్టానండీ, ఇక్కడే పెట్టానండీ’ అనీసి ఒకటే పాట. పెట్టలేదని ఆడికీ తెలుసు, మాకూ తెలుసు. ఆఖర్న మా అందరి ముందూ నిలబడి చొక్కా జేబు బయటికి లాగినాడు.”

“లాగినాడా?”

“లాగి దులిపినాడు! తరవాత పేంటు జేబులు. రెండూ మేక సెవుల్లాగ బయటికి యేలాడినాయి. అందులోంచి ఏటి రాలిందో సెప్పు?”

“ఏటి?”

“పప్పే! రెండు గుండ్లు, ఒక బద్ద. గచ్చు మీద టకటకా పడ్డాయి. ‘ఓలప్పా, దొంగ దొరికినాడర్రా!’ అన్నాను నాను. ఆ ఆఫీసరు కూడా నవ్వాపుకోలేక కిటికీకేసి తిరిగీసినాడు. షావుకారు మొకం సూడాలే నువ్వు!”

ఈశ్వరి మళ్ళీ మొదటి నుంచి చెప్పమంది. సోమలమ్మ చెప్పింది. ఏ జేబు ముందు దులిపాడు, బద్ద ఎటు పడింది, ఎవరు ఏరారు అని అడిగింది. అప్పలలక్ష్మి లేచి, షావుకారు గారి లాగే నిలబడి, లేని జేబులు లాగి చూపించింది. అందరూ విరగబడి నవ్వారు. ఈశ్వరి ఇంకోసారి చూపించమంది. చూసింది. బాగానే చేసింది గాని, అప్పలలక్ష్మి షావుకారు కాదు.

“నాను సూడలేదు కదే” అంది చివరికి.

“మేమందరం సూసినాం కదా.”

“మీరు నా కొంగూ సూసినారు” అంది ఈశ్వరి.

మర్నాడు పొద్దున్న ఉమామహేశ్వరరావు గారు యథాప్రకారం గ్లాసుతో గుమ్మంలోకి వచ్చాడు. ఆయన పంచె కట్టుకున్నాడు, పంచెకు జేబులుండవు. అధికారి గడువిచ్చి వెళ్ళాడట, షావుకారు గారు కూడా ముందటి సాయంత్రమే రాజుబాబు దగ్గర కుర్చీలో కూర్చుని పీటలు లెక్కచెప్పి వచ్చాడట. ఎదురు షెడ్డులోకి ఆడవాళ్ళు వెళ్తుంటే పెదవులు కదిపాడు గాని అంకె పైకి రాలేదు.

ఈశ్వరి అద్దం కట్టించిన సర్టిఫికెట్టును అప్పన్న పటం పక్క నుంచి తీసి, రోడ్డు వైపు కనబడేలా గుమ్మం మీద తగిలించింది. ఆ నెల రిటర్న్ ఆమే దగ్గర కూర్చుని వేయించింది. కట్టవలసిన పన్ను గడిలో రాజుబాబు సున్నా కొట్టాడు. పదిహేను వేల దాకా జీతానికి వృత్తి పన్ను లేదు.