వదిన గది బ్లైండ్స్

ఈ ఉదయం వీధివైపు గదిలో కాఫీ తాగుతుంటే బయట ఎవరో పిలిచినట్టనిపించింది. కిటికీ బ్లైండ్స్ పట్టీలను రెండు వేళ్లతో విడదీసి చూశాను. బయట ఎవరూ లేరు గానీ వేళ్లకు నల్లటి మడ్డి అంటుకుంది. ఉత్త దుమ్మయితే గుడ్డతో దులిపితే పోతుంది. ఇది హైవే మీది లారీల పొగ, వీధి చివర ఎప్పుడూ ఎవరో ఒకరు ఇల్లు కడుతూనే ఉంటారు కనుక ఆ సిమెంటు, మా వంటింటి తాలింపు ఆవిరి అన్నీ కలిసి పట్టిన జిడ్డు. పేట్ బషీరాబాద్‌లో కాపురం ఉన్నవాళ్లకు దీని గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. కాఫీ గ్లాసు పక్కన పెట్టి, స్టూలు తెచ్చుకుని, బ్లైండ్స్ కిందికి దించాను. పెరట్లో టబ్బు నిండా చన్నీళ్లు, కాస్త సర్ఫు, చేతికి మా ఆయన పాత సాక్సు. సాక్సు తొడిగిన చేత్తో ఒక్కో పట్టీని పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు లాగితే రెండువైపులా ఒకేసారి శుభ్రపడుతుంది. నీళ్లు చన్నీళ్లే ఎందుకో తర్వాత చెబుతాను. ఈ పని చేసినప్పుడల్లా నాకు మా వదిన గుర్తొస్తారు.

అసలు మా ఇంటికి బ్లైండ్స్ రావడానికి కారణం మా ఆయన. ఆయన సర్వీసంతా ఒక పెద్ద హాల్లో అందరితో పాటు కూర్చుని పనిచేశారు. ఆ హాలు చివర మేనేజరు గదికి మాత్రం బ్లైండ్స్ ఉండేవట. మేనేజరు కాకుండానే రిటైరవుతానని తెలిసిపోయాక, ఇల్లు కట్టుకున్నప్పుడు వీధివైపు కిటికీకి అవే పెట్టించారు. ఈ తాడు లాగితే పైకి వెళ్తాయి, ఆ తాడు వదిలితే కిందికి వస్తాయి, పుల్ల తిప్పితే వెలుతురు సన్నబడుతుంది అని గృహప్రవేశానికి వచ్చిన ప్రతివాళ్లకూ లాగి చూపించారు. అందరూ బాగుందన్నారు. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ ఒక్కతే, ఇంటికి ఆసుపత్రి కళ వచ్చిందని అనేసి భోజనానికి లేచింది. నేను మాత్రం, కిటికీ ఏదయినా తుడవాల్సింది నేనే కదా అనుకున్నాను.

వదిన అంటే మా ఆయన అక్క. కాకినాడలో హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పిల్లలు లేరు. ఆవిడా, ఆవిడ భర్త అన్నయ్యగారూ ఇద్దరే ఉండేవాళ్లు. ఆవిడది పెద్ద గొంతు. చివరి బెంచీ దాకా వినిపించేలా మాట్లాడడం అలవాటయిపోయి, ఫోన్‌లో మాట్లాడినా మా ఆయన ఫోన్ చెవికి దూరంగా పట్టుకునేవారు. ఒక ఏడాది దసరా వెళ్లాక అన్నయ్యగారు హఠాత్తుగా పోయారు. కర్మకాండలన్నీ అయ్యాక మేమే వెళ్లి ఆవిడను మా ఇంటికి తీసుకొచ్చాం. వీధివైపు గది గాలీ వెలుతురూ బాగా ఉంటుందని, నా కుట్టుమిషను హాల్లోకి జరిపి ఆ గది ఆవిడకు ఇచ్చాం.

వదిన గదిలోకి అడుగుపెట్టి మొదట చేసిన పని బ్లైండ్స్ పూర్తిగా దించి, పుల్ల తిప్పి మూసెయ్యడం. ఆ తర్వాత అవి తెరుచుకోలేదు. పొద్దున్నే స్నానం చేసి కుర్చీలో కూర్చునేవారు. పిలిస్తే వచ్చి భోజనం చేసేవారు. అడిగితే అవును, కాదు, చాలు అనేవారు. నేను చేపల కూర వండిన రోజు మాత్రం కూర వైపు చూడకుండా పెరుగన్నంతో లేచిపోయేవారు. గోదావరి వైపు మనిషి చేప ముట్టకపోవడమేమిటని నాకు వింతగా ఉండేది కానీ అడిగే ధైర్యం లేకపోయింది. మా ఆయన తనకు తోచినవన్నీ తెచ్చారు. రేడియో తెచ్చారు, లెక్కల పొడుపుకథల పుస్తకం తెచ్చారు, చివరికి కుండీలో గులాబీ మొక్క తెచ్చి ఆ చీకటి గదిలో పెట్టారు. అది పాపం నాలుగు ఆకులు రాల్చాక నేనే బయటకు తెచ్చి బతికించాను. మేమిద్దరం ఇంట్లో పిల్లుల్లా నడవడం, గుసగుసగా మాట్లాడుకోవడం నేర్చుకున్నాం. బంధువులు వచ్చినా వదిన గుమ్మం దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేసేవాళ్లు. కుక్కర్ విజిల్ వేస్తే నాకు తప్పు చేసినట్టు ఉండేది.

వేసవి వచ్చేసరికి వదినకు దగ్గు పట్టుకుంది. ఆ ఏడు హైవే మీద వంతెన పనులు జోరుగా సాగుతున్నాయి. ఉదయం తుడిచిన బల్ల మీద సాయంత్రం వేలితో పేరు రాయొచ్చు. సుచిత్ర దగ్గర డాక్టరుకు చూపిస్తే, ఆయన మందులు రాసి, పడుకునే గదిలో దుమ్ము పట్టే వస్తువులేమైనా ఉన్నాయా అని అడిగారు. ఇంటికొచ్చి ఆ గదిలో లైటు వేసి బ్లైండ్స్‌ను దగ్గరగా చూస్తే నాకే భయమేసింది. తెల్లటి పట్టీలు బూడిద రంగుకు తిరిగి, ఒక్కోదాని మీద దుమ్ము మెత్తగా నూగులా పేరుకుని ఉంది. మా ఆయన వాటిని దించకుండానే తుడుస్తానని తడిగుడ్డ పట్టుకుని మొదలుపెట్టారు. దుమ్మంతా గదిలోకి లేచింది. వదిన దగ్గి దగ్గి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. చివరికి ఆవిడే, దించుకోండి కానీ సాయంత్రానికి మళ్లీ పెట్టేయాలి అన్నారు. కొన్ని నెలల్లో మేము విన్న అతి పెద్ద మాట అది.

ఆ సాయంత్రం అవి మళ్లీ పెట్టలేకపోయాం. మా ఆయన ఫోన్‌లో ఏదో వీడియో చూశారు. జిడ్డు పోవాలంటే వేడినీళ్లు, వంటసోడా అన్నారందులో. వేడినీళ్లంటే గోరువెచ్చనివని కాబోలు, ఈయన మాత్రం సలసల మరిగిన నీళ్లు పెద్ద గిన్నెతో తెచ్చి టబ్బులో పోశారు. ప్లాస్టిక్ పట్టీలు మా కళ్లముందే నూనెలో అప్పడాల్లా వంపులు తిరిగాయి. బయటకు లాగబోతే ఎండకు చీకిపోయిన తాళ్లు పుటుక్కున తెగాయి. జిడ్డు మాత్రం శుభ్రంగా పోయింది. సుచిత్ర షాపులో అడిగితే కొత్తవి కొలత ప్రకారం చేసి బిగించడానికి వారం పడుతుందన్నారు. ఈ సంగతి వదినకు చెప్పడానికి నువ్వు వెళ్లంటే నువ్వు వెళ్లని కాసేపు వాదులాడుకుని, ఇద్దరం కలిసే వెళ్లాం. ఆవిడ విని, సరే అన్నారు. మేము కిటికీకి నా పాత నేతచీర ఒకటి అడ్డంగా కట్టాం. ఆవిడ లేచి, కుర్చీని ఇటు తిప్పుకుని, గోడవైపు ముఖం పెట్టి కూర్చున్నారు. ఆ రాత్రి మా ఇద్దరికీ అన్నం సయించలేదు.

మర్నాడు ఆదివారం. మా వీధిలోకి ఆదివారం పూట శామీర్‌పేట నుంచి ఒక చేపలామె వచ్చేది. భర్త ఆటో నడిపేవాడు, ఆమె వెనక థర్మోకోల్ పెట్టె పక్కన కూర్చునేది. వాళ్లది తరాలుగా చెరువులో చేపలు పట్టే కుటుంబం. ఆమెకు ప్రతి ఇంటి సంగతీ కావాలి. గేటు దగ్గర నిలబడి చేప కోస్తూ ఎదురింటి పెళ్లి సంబంధం దాకా ఆరా తీసేది. అందుకే నేను ఆమెను కాస్త దూరంగానే ఉంచేదాన్ని. ఆ రోజు పొద్దున గాలికి నేతచీర ఒక పక్క జారిపోయినట్టుంది. నేను వంటింట్లో ఉండగా ఆమె గొంతు వినిపించింది. పిలుపు నాకు కాదు.

"ఏందమ్మా, గట్ల గోడ దిక్కు మొఖం పెట్టుకొని కూసున్నవ్? ఇంట్ల ఎవరన్న ఏమన్న అన్నరా?"

నేను చేతిలో గరిటెతోనే పరుగెత్తాను. అంతలోపే లోపలి నుంచి వదిన గొంతు వచ్చింది. పాత గొంతు. "నన్ను అనేవాళ్లు ఈ ఇంట్లో ఎవరూ లేరు."

నేను గేటు దగ్గరికి వెళ్లి, ఆవిడ మా ఆడపడుచనీ, భర్త పోయారనీ, ఇవాళ చేపలు వద్దనీ గుసగుసగా చెప్పాను. చేపలామెకు గుసగుసలు తెలియవు. నన్ను పక్కకు జరిపినట్టే చూసి కిటికీ వైపు తిరిగింది.

"పెనిమిటి పోయిండా? ఎట్ల పోయిండమ్మా?"

ఇన్ని నెలల్లో మా ఇంటికి వచ్చిన ఒక్కరూ ఆ ప్రశ్న అడగలేదు. అందరం మనసు కష్టపెట్టకూడదనుకున్నవాళ్లమే. మా ఆయన నోట్లో బ్రష్షుతో హాల్లో అలాగే నిలబడిపోయారు. లోపల కుర్చీ కాళ్లు నేల మీద గీసుకున్న చప్పుడయింది. వదిన కిటికీ దగ్గరికి వచ్చి ఊచ పట్టుకుని నిలబడ్డారు.

"గుండెపోటు. నేను బజారు నుంచి వచ్చేసరికి కుర్చీలోనే ఉన్నారు."

"ఒక్కడే ఉండెనా?"

"ఒక్కరే ఉన్నారు."

చేపలామె గేటుకు ఆనుకుని నిలబడింది. తర్వాత, తన మామ కూడా అంతేననీ, చెరువు కాడ వల బాగుచేసుకుంటూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడనీ చెప్పింది. ఓదార్పు మాటలేమీ అనలేదు. కొంగుతో చెయ్యి తుడుచుకుని పెట్టె మూత తీసింది. రవ్వట ఉంది, మస్తు తాజాగా ఉంది, చూస్తావా అంది. వదిన, దాన్ని రవ్వట అనరు, శీలావతి అంటారు అన్నారు. మీ దిక్కు ఏమన్నా అనుకోండి, గీ చెర్వుల పుట్టినదాని పేరు రవ్వట అంది చేపలామె. పేరు దగ్గర ఇద్దరూ గట్టిగానే పట్టుబట్టారు. ఆ వాదన మధ్యలో ఎప్పుడో వదిన గదిలోంచి హాల్లోకి, హాల్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి గేటు దగ్గరికి వచ్చేశారు. వచ్చిన దగ్గర నుంచి ఆవిడ తనంతట తానే ఎండలోకి రావడం అదే మొదలు. వంగి చేప మొప్ప ఎత్తి చూసి, బాగానే ఉంది, తీసుకో అమ్మాయ్ అని నాతో అన్నారు. ఆ మధ్యాహ్నం కూడా ఆవిడ పెరుగన్నమే తిన్నారు. కానీ కుర్చీ మళ్లీ గోడవైపు తిప్పుకోలేదు.

వారం తర్వాత షాపువాళ్లు వచ్చి కొత్త బ్లైండ్స్ బిగించి వెళ్లారు. వదిన వాటిని దించారు. మా ప్రాణం ఉసూరుమంది. అయితే ఆదివారం పొద్దున్నే తాడు లాగిన చప్పుడు వినిపించింది. చేపలామె వచ్చి వెళ్లాక మళ్లీ దించేశారు. మరికొన్ని వారాలకు దించడం మర్చిపోసాగారు. దగ్గు తగ్గింది. ఒకరోజు నన్ను వంటింట్లోంచి పంపేసి తానే చేపల పులుసు పెట్టారు. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ పెట్టేవారు కానీ తినేవారు కాదు.

వానలు మొదలయ్యాక చేపలామె రావడం మానేసింది. మొదటి ఆదివారం వదిన వానవల్ల అన్నారు. తర్వాతి ఆదివారం వాన లేదు. ఆవిడ మధ్యాహ్నం దాకా గేటు దగ్గరికీ గదిలోకీ తిరిగి, పద వెళ్లి చూసొద్దాం అన్నారు తమ్ముడితో. ముగ్గురం కారులో మేడ్చల్ మీదుగా శామీర్‌పేట వెళ్లాం. చెరువు కట్ట దగ్గర అడిగితే ఇల్లు చూపించారు. చేపలామె జ్వరంతో చిక్కి సగమయి మంచంలో ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చి రెండు రోజులయిందట. మేమిద్దరం అలవాటు కొద్దీ గొంతు తగ్గించి పలకరించాం. వదిన మాత్రం మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ఏం జ్వరం, ఎన్నాళ్లయింది, ఏం మందులిచ్చారు, ఏం తింటున్నావు అని క్లాసులో అడిగినట్టు వరసగా అడిగారు. ఆమె అన్నిటికీ ఓపికగా జవాబు చెప్పి, చివర్లో, "గింత దూరం వచ్చినవా నా కోసం" అంది. వదిన ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు కారు మేడ్చల్ దాటింది. తర్వాత వదినే మొదలుపెట్టారు. అన్నయ్యగారికి చేపలు కొనడం చేతకాదట. మొప్ప ఎత్తి చూడడం ఆయనకు అసహ్యం, బేరం మొహమాటం. అమ్మేవాళ్లు ఏది చేతిలో పెడితే అది తెచ్చేసేవారట. ఆ ఆదివారం కూడా ఆయన సంచి తీసుకుని బయల్దేరబోతే, మీరొద్దు, నేనే వెళ్తానని సంచి లాక్కుని ఆవిడ వెళ్లారట. మంచి చేప దొరికేదాకా బజారంతా తిరిగారట. "నేను తొందరగా వచ్చి ఉంటే, లేకపోతే ఆయన్నే వెళ్లనిచ్చి ఉంటే, నలుగురిలో ఉండేవారు కదరా. ఎవరైనా పట్టుకునేవాళ్లు కదా," అన్నారు.

 మా ఆయన ముందున్న లారీని దాటించారు. ఆ తర్వాత మెల్లగా, "బావ తెచ్చిన చేపలు నేనూ తిన్నానక్కా. నువ్వు వెళ్లడమే నయం," అన్నారు.

వదిన మొదట నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు. కొంపల్లి వచ్చేదాకా ఏడ్చారు. మేము ఆపమనలేదు. ఇంటికి వచ్చి ముఖం కడుక్కున్నాక, మీరందరూ నాతో గొంతు తగ్గించి మాట్లాడుతుంటే నేను కూడా పోయాననే అనిపించేదిరా అని తమ్ముడితో అన్నారు. ఆ రాత్రి ఫ్రిజ్‌లో ఉన్న ముందురోజు చేపల పులుసు వేడిచేసుకుని తిన్నారు. కారం ఎక్కువైందని నన్ను తిట్టారు కూడా. అది ఆవిడ పెట్టిన పులుసే.

ఇప్పుడు వదిన సుచిత్ర దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో సొంతంగా ఉంటున్నారు. వేరే వెళ్తానన్నప్పుడు మేము బాధపడితే, మీ గుంటూరు కారం ఇక నావల్ల కాదమ్మాయ్ అని తేల్చేశారు. చేపలామె కోలుకుని, ఇప్పుడు ఆ వీధికి కూడా వెళ్తోంది. పేరు మీద తగవు ఇంకా తెగలేదట.

మొన్న భోజనానికి వచ్చినప్పుడు మాటల్లో అడిగాను, ఆ గదిలో అలా ఎన్నాళ్లున్నారో గుర్తుందా వదినా అని. ఆవిడ కొంచెం ఆలోచించి, ఎంత, ఓ నెల ఉంటుందేమో అన్నారు. మా ఆయనా నేనూ ముఖముఖాలు చూసుకున్నాం కానీ సరిదిద్దలేదు. మేము ఆ గుమ్మం బయట చలికాలమంతా, వేసవి అంతా పూట పూటా లెక్కపెట్టుకుంటూ గడిపాం. జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషికి అదంతా కలిసి ఒక్క నెల. ఒకే ఇంట్లో, ఒకే గోడగడియారం కింద కూర్చున్నా, ఆవిడకు గడిచిన కాలం వేరు, మాకు గడిచిన కాలం వేరు.